ఆర్విల్ బాబాయ్ థర్మామీటరు

ఆర్విల్ బర్లెసన్ బాబాయ్ థర్మామీటరు ముంచి చూడందే ఏ నీళ్లనీ నమ్మేవాడు కాదు. నీళ్లనే కాదు, కాఫీనీ నమ్మడు, చిక్కుళ్ల పులుసునీ నమ్మడు, పసిపిల్లల స్నానాల తొట్టినీ నమ్మడు. ఆయన మెడలో ఒక పాత బూటు లేసు వేలాడేది. దాని చివర ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో ఫారన్‌హీట్ థర్మామీటరు. పెళ్లికి కూడా దాన్ని మెడలో వేసుకునే వచ్చాడని జోరా పిన్ని చెబుతుంది. ఆ రోజు దేంట్లో ముంచాడో మాత్రం చెప్పదు.

ఒకసారి చర్చి భోజనాల్లో నెల్ వైజ్‌మన్ పొద్దున్నుంచీ కష్టపడి చేసి తెచ్చిన గ్రేవీ గిన్నెలో, అందరూ చూస్తుండగా దాన్ని ముంచాడు.

"నూట పన్నెండు," అన్నాడు.

"అంటే ఏంటి?" అంది నెల్, గరిటె పైకెత్తి.

"అంటే చల్లారిపోయిందమ్మా."

ఆ తర్వాత ఏడాదిపాటు నెల్ ఆయన పళ్లెంలో రొట్టె వేసింది గానీ గ్రేవీ వేయలేదు. బాబాయ్ ఆ ఏడాదంతా ఒట్టి రొట్టె తిన్నాడు గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మా ఉత్తర కరోలినా కొండల్లో బాప్తిస్మాలు ఇప్పటికీ వాగులోనే ఇస్తారు. ఒక ఏడు మార్చిలో డెబ్భై ఎనిమిదేళ్ల వెస్టర్ హెన్స్లీకి ఉన్నట్టుండి రక్షణ కావాలనిపించింది. పాస్టర్ గారు నడుం లోతు నీళ్లలో వెస్టర్ చెయ్యి పట్టుకుని నిలబడి ప్రసంగం ఎత్తుకున్నారు. ఆయనకి ప్రసంగం మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. వెస్టర్ పెదాలు నీలంగా మారుతున్నాయి. ఒడ్డున బాబాయ్ ఒంగి థర్మామీటరు ముంచాడు.

"ముప్పై తొమ్మిది!" అని అరిచాడు. "పాస్టర్ గారూ, ఉన్న పాపాలు గబగబా కడిగేసి పంపెయ్యండి. కొత్తవి చేసే ఓపిక వెస్టర్‌కి ఎలాగూ లేదు!"

జనం ఘొల్లున నవ్వారు. పాస్టర్ గారు ఎర్రబడిన మొహంతో వెస్టర్‌ని ఒక్క ముంచు ముంచి ఒడ్డుకి తోశారు.

ఇంకొకరైతే ఇన్ని వేషాలు సాగేవి కావు. బాబాయ్ మా చర్చిలో సంఘ పెద్ద. పైగా అబద్ధం ఆడడని కొండంతా పేరు. తన పాత ట్రక్కు అమ్మకానికి పెట్టి, చూడ్డానికొచ్చినవాళ్లకి దాని రోగాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "బ్రేకు నాలుగోసారి తొక్కితే పడుతుంది. తలుపు దానంతటదే మూసుకుంటుంది, వేళ్లు జాగ్రత్త," అనేవాడు. మూడు బేరాలు చెడ్డాక ఆ ట్రక్కు ఆయనకే మిగిలిపోయింది. అలాంటి మనిషి ఒక అంకె చెప్పాడంటే అది దేవుని వాక్యమంత నిజం మాకు.

అంకెల గురించి ఒక మాట చెప్పాలి. మా థర్మామీటర్లలో ముప్పై రెండు దగ్గర నీళ్లు గడ్డకడతాయి. నలభై దాటితే వాగులో చుక్కల చేప కాస్త కదిలి నోరు తెరుస్తుంది. నలభై లోపైతే మడుగు అడుగున రాయిలా పడుంటుంది, దేవుడొచ్చి ఎర వేసినా తినదు. చలికాలంలో చేపలు పట్టేవాడికి ఈ నలభై అనే అంకె గుమ్మం లాంటిది.

చలికాలపు వేట ఎలాంటిదంటే, గాలానికి కోడి ఈకా దారమూ చుట్టి గోరంత ఉత్తుత్తి ఈగని కట్టి, దాన్ని సరిగ్గా చేప ముక్కు ముందునుంచి తేలిపోయేట్టు వెయ్యాలి. తల మీద లారెల్ పొదల కొమ్మలు, గాలం కర్ర వెనక్కి ఊపే చోటుండదు. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, ఈగని వేళ్లతో వెనక్కి లాగి బాణంలా వదలాలి. కర్రకి దారం నడిచే రింగుల్లో మంచు పేరుకుంటే నోట్లో పెట్టుకుని కరిగించుకోవాలి. ఇంతా చేసి ఆరంగుళాల చేపని పట్టి, రెండు క్షణాలు మురిసిపోయి, మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాం.

"ఏమయ్యా, వదిలెయ్యడానికైతే పట్టడం దేనికి?" అనేది మా ఆవిడ ఓపల్. ముప్పై నాలుగేళ్ల కాపురంలో దీనికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

నేను స్కూలు బస్సు డ్రైవర్ని. పొద్దున తొమ్మిదికి పిల్లల్ని బడి దగ్గర దింపితే మళ్లీ రెండున్నర దాకా ఖాళీ. చలికాలంలో ఎండ వాగు మీద పడేదీ, నీళ్లు కాస్త వెచ్చబడేదీ ఆ వేళలోనే. దేవుడు చేపల వేళా బస్సు వేళా కలిపి రాశాడని నేను నమ్మేవాణ్ణి. అయితే దేవుడికీ నాకూ మధ్యన పెట్టకోడి వాగు వంతెన ఉంది. ఆ వంతెన గోడ మీద రిటైరైన ఆర్విల్ బాబాయ్ ఉన్నాడు.

ఆయన పద్ధతి ఆయనది. ముందు టోపీ తీసి గోడ మీద పెట్టేవాడు. మోకాళ్లు టకటకలాడుతుండగా బండ మీదికి దిగి, లేసు పట్టుకుని థర్మామీటరు మడుగులోకి జారవిడిచి, పెదాలు కదుపుతూ వంద లెక్కపెట్టేవాడు. తర్వాత పైకి లాగి, మాకు వీపు తిప్పి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"ఒక్కసారి నన్ను చూడనీ బాబాయ్."

"గీతలు అరిగిపోయాయిరా. నా కంటికే అలవాటు. నీకు కనపడవు."

సొంతంగా థర్మామీటరు కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనుక్కుంటే సంఘ పెద్దని నమ్మనట్టే. మా కొండల్లో అంత పని ఎవడూ చెయ్యడు. బయటివాడు చేస్తాడు. ఒక జనవరిలో షార్లెట్ పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా కొత్త బట్టలు, చేతిలో అంకెలు వెలిగే మిషను. అప్పటికే ఒకసారి జారి నీళ్లలో పడ్డాడు. పళ్లు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ముప్పై ఎనిమిది. ఇంక పట్టింది చాలు, కారెక్కు నాయనా," అన్నాడు బాబాయ్.

"నా మిషను నలభై మూడంటోందండీ!"

"అది బ్యాటరీ మీద నడుస్తుంది. మా వాగుకి బ్యాటరీ లేదు."

ఆయన్ని తన ట్రక్కులో కూలేసి, హీటరు పెట్టి, ఫ్లాస్కులో కాఫీ అంతా ఆయన చేతనే తాగించి పంపించాడు. పట్నం మనిషి మిషన్‌ని బాబాయ్ బూటు లేసుతో ఓడించాడని నేను వారం రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ మనిషి ఎంతలా వణుకుతున్నాడో మాత్రం చెప్పలేదు. అప్పట్లో అది చెప్పుకోవాల్సిన సంగతని నాకు తోచలేదు.

ఆ తర్వాతి చలికాలం ఓపల్‌కి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. అది పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది. నేను పిరికివాణ్ణి. ఆ చప్పుడు వినలేక వాగుకి పారిపోదామని చూసేవాణ్ణి. ఓపల్ కూడా అడ్డం చెప్పేది కాదు. "వెళ్లిరా, నాకేం కాదు," అనేది. కర్రా ఈగల డబ్బా బస్సులోనే పెట్టుకుని, తొమ్మిదింటికి పిల్లల్ని దింపగానే నేరుగా వంతెన దగ్గరికి తోలేవాణ్ణి.

బాబాయ్ ముంచేవాడు. వంద లెక్కపెట్టేవాడు. వీపు తిప్పేవాడు.

"ముప్పై ఎనిమిది. ఇంటికి పోరా డెల్బర్టూ."

మర్నాడూ ముప్పై ఎనిమిదే. ఆ మర్నాడూ అంతే. ఎండ కాసినా, మబ్బు పట్టినా, వర్షం తుంపర పడ్డా ముప్పై ఎనిమిదే.

"రోజూ ఒకటేనా బాబాయ్? నిన్న మంచు కురిసింది, ఇవాళ కరుగుతోంది!"

"కరిగిన మంచు చల్లగా ఉండదా ఏంటి? పో, పోయి అన్నం తిను."

నేను తిట్టుకుంటూ ఇంటికి వెళ్లేవాణ్ణి. "ఎన్ని పట్టావ్?" అనేది ఓపల్. "ముప్పై ఎనిమిది," అనేవాణ్ణి. మొదటిసారి అన్ని చేపలనుకుని కళ్లు ఇంతలు చేసుకుంది. తర్వాత నేను గుమ్మంలో అడుగుపెట్టగానే తనే "ముప్పై ఎనిమిదా?" అని దగ్గుతూ నవ్వేది. చేసేదేం లేక ఇద్దరం రూక్ పేకముక్కలు వేసుకు కూర్చునేవాళ్లం. విత్తనాల కేటలాగు వెనక అట్ట మీద పాయింట్లు రాసేవాళ్లం. ఆ చలికాలమంతా కలిపి ఆమె ముప్పై ఒక్క ఆటలు గెలిచింది, నేను తొమ్మిది. ఆ తొమ్మిదిలో నాలుగు ఆమె కావాలని ఓడినవి.

ఫిబ్రవరి మూడోవారంలో ఒక రోజు వాన వెలిసి మంచి ఎండ కాసింది. చలికి చుట్టల్లా ముడుచుకునే లారెల్ ఆకులు అరచేతుల్లా విచ్చుకున్నాయి. మిగిలిన మంచు మీద నల్ల పురుగులు పాకుతున్నాయి. అవి కనిపించాయంటే చేపలకి విందే. నేను వంతెన దగ్గరికి వెళ్లేసరికి మా రంపపు మిల్లు గార్లండ్ కూడా అక్కడే ఉన్నాడు. వాడూ నేనూ ఒకటో తరగతి నుంచీ స్నేహితులం. మా కళ్లముందే మడుగులో ఒక చుక్కల చేప పైకి ఎగిరి పురుగుని అందుకుని మళ్లీ మునిగింది.

బాబాయ్ ముంచాడు, లెక్కపెట్టాడు, వీపు తిప్పాడు.

"ముప్పై ఎనిమిది."

"బాబాయ్! కళ్లెదుట చేప ఎగిరింది!"

"ఎగిరితే ఎగిరింది. దానికి నిద్దట్లో నడిచే జబ్బుంది."

గార్లండ్ కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడు నెలల కోపం, భయం, ఆ మిషను చప్పుడు అన్నీ కలిసి నోట్లోకి వచ్చాయి.

"నువ్వు అబద్ధాలకోరువి," అన్నాను.

మా దగ్గర సంఘ పెద్దని ఆ మాట అనడం, చర్చి మెట్ల మీద ఉమ్మెయ్యడంతో సమానం. గార్లండ్ నవ్వు ఆగిపోయింది. బాబాయ్ లేసుని నెమ్మదిగా చుట్టి, థర్మామీటర్ని ఇత్తడి గొట్టంలో పెట్టుకున్నాడు.

"సరేరా. ఇంటికి మాత్రం పో," అన్నాడు.

వెళ్లాను. ఆ మధ్యాహ్నం ఓపల్ ఎండలో కూర్చుంటానంది. కుర్చీ వరండాలోకి లాగి, ఆక్సిజన్ గొట్టం తలుపు సందులోంచి సాగదీసి, ఇద్దరం దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. నిద్దట్లో నడిచే చేప సంగతి చెప్పాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తొమ్మిది రోజుల తర్వాత పోయింది.

నేను మళ్లీ వాగుకి వెళ్లలేదు. కర్ర బస్సు సీటు కిందే ఉండిపోయింది. చర్చిలో బాబాయ్ నాకు రెండు బల్లల ముందు కూర్చునేవాడు. వస్తూ పోతూ తలూపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. అన్నమాట వెనక్కి తీసుకుందామని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. వచ్చే ఆదివారం చూద్దాంలే అని ప్రతి ఆదివారం వాయిదా వేసేవాణ్ణి. అలా రెండేళ్లు గడిచాయి. మొన్న నవంబర్లో బాబాయ్ నిద్రలోనే పోయాడు. ఇంక వాయిదా వెయ్యడానికి ఆదివారాలు మిగల్లేదు.

సమాధి చేసొచ్చాక చర్చి కింద హాల్లో భోజనాలు పెట్టారు. గార్లండ్ నా పక్కన కూర్చుని అరటిపండు పుడ్డింగుని చెంచాతో కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. వాడు పుడ్డింగు తినలేదంటే ఏదో ఘోరం జరిగినట్టే.

"డెల్బర్టూ, నీకో సంగతి చెప్పాలి. కొట్టనంటే చెబుతాను."

"చెప్పు."

"ఆ రోజు, నువ్వు బాబాయ్‌ని మాటన్న రోజు, నీ బస్సు మలుపు తిరిగిందో లేదో బాబాయ్ నావైపు చూసి, 'నీకు నలభై ఐదురా, దిగు,' అన్నాడు. ఆ మడుగులోనే ఆరు పట్టాను. రెండేళ్ల నుంచీ నీ మొహం చూసినప్పుడల్లా ఆ ఆరు చేపలూ నా గొంతుకి అడ్డం పడుతున్నాయిరా."

నేను కుర్చీ వెనక్కి తోసి లేచాను. నోరు తెరవబోతుండగా ఎదుటి బల్ల నుంచి జోరా పిన్ని వచ్చింది. పర్సులోంచి బూటు లేసు తీసి నా ముందు పెట్టింది.

"అరవకు. ముందు ఇది చూడు," అంది.

ఇత్తడి గొట్టం మూత తిప్పాను. లోపల థర్మామీటరు అడుగు పగిలి ఉంది. గాజు గొట్టంలో ఎర్రటి గీత లేదు, చుక్కైనా లేదు. గార్లండ్ నా చేతిలోంచి లాక్కుని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"ఇదెప్పుడు పగిలింది పిన్నీ?"

"పందొమ్మిదేళ్లయింది. ఆ దిక్కుమాలిన ట్రక్కు తలుపు మీద పడి నలిగింది. కొత్తది కొనుక్కోవయ్యా అంటే, 'నీళ్లెంత చల్లగా ఉన్నాయో వేలు పెడితే తెలీదటే,' అనేవాడు. మరి ఇది దేనికి అంటే, 'నా వేలు ఇంటికి పొమ్మంటే ఎవడు పోతాడు? ఇది పొమ్మంటే పోతారు,' అనేవాడు."

"సంఘ పెద్ద అయ్యుండి పందొమ్మిదేళ్లు అబద్ధాలాడాడా!" అన్నారు పాస్టర్ గారు, పుడ్డింగు పళ్లెంతో మా వెనక నిలబడి.

"నేనూ అదే అడిగాను పాస్టర్ గారూ. 'నేనాడటం లేదు, ఇదాడుతోంది,' అన్నాడు."

హాల్లో ఒక్కొక్కరే మా బల్ల చుట్టూ చేరారు. పాస్టర్ గారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, "అయితే వెస్టర్ బాప్తిస్మం..." అని ఆగిపోయారు. చేతికర్ర ఊతంతో నిలబడ్డ ఎనభై తొమ్మిదేళ్ల వెస్టర్, "ఇంకో రెండు నిమిషాలైతే నేను నేరుగా పరలోకానికే వెళ్లేవాణ్ణి," అన్నాడు. మరి తనకెప్పుడూ నలభై పైనే ఎందుకొచ్చేదని గార్లండ్ అడిగాడు.

"నువ్వు ఇంట్లో ఉంటే మీ ఆవిడ జువానిటాకి తలనొప్పిరా. పాపం ఆ పిల్లకి నాలుగు గంటలైనా ప్రశాంతత ఉండాలనేవాడు మీ బాబాయ్."

"నా గ్రేవీ?" అంది నెల్, జనాన్ని తోసుకుని ముందుకొచ్చి. ఆమె మొహంలో ఆశ కనిపించింది.

"నీ గ్రేవీ నిజంగానే చల్లారింది నెల్," అంది జోరా పిన్ని.

నెల్ వెళ్లిపోయాక పిన్ని నా పక్క కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించింది.

"ఆ ఏడు ఓపల్ నాకు ఫోన్ చేసేది. ఒకసారి అంది, 'పిన్నీ, ఆయన వాగుకి వెళ్లాక ఇల్లంతా ఈ మిషను చప్పుడే. భయమేస్తోంది. ఉండమని అడుగుదామంటే, ఆయన మొహం చూస్తే నోరు రాదు,' అని. ఆ మాట మీ బాబాయ్‌కి చెప్పాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికే వెళ్లి వంతెన మీద కూర్చున్నాడు. మంచు పడుతున్నా వెళ్లాడు. 'డెల్బర్ట్ రావడానికి ముందే ఉండాలే,' అన్నాడు."

ఆ చలికాలపు మధ్యాహ్నాలన్నీ, ఆ నలభై ఆటలూ, వరండాలో ఎండా, అన్నీ ఆయన నాకిచ్చినవే. నేను ఆయనకిచ్చింది ఒక్క మాట. ఆయన దాన్ని లేసుతోపాటు చుట్టి దాచుకుని, రెండేళ్లు నాకు తలూపాడు. ఆ మాట నిజమే కూడా, ఆయన అబద్ధాలకోరే. అది నేను ఇంకో రకంగా అని ఉండాల్సింది. బతికుండగా అని ఉండాల్సింది.

"తనతో పెట్టెలో పెట్టెయ్యమన్నాడు దీన్ని," అంది పిన్ని, లేసు నా చేతిలో పెడుతూ. "నేను వినలేదు. అక్కడ ఎవర్ని ఇంటికి పంపిస్తాడు? నువ్వుంచుకో."

ఈ జనవరిలో ఒక రోజు పిల్లల్ని దింపాక బస్సు దానంతటదే వంతెన దగ్గరికి వెళ్లింది. ఎండ కాస్తోంది. లారెల్ ఆకులు విచ్చుకున్నాయి. గార్లండ్ అప్పటికే ఒడ్డున కూర్చుని కర్ర అమర్చుకుంటున్నాడు. ఒకటే దగ్గు, ప్రతి దగ్గుకీ వంగిపోతున్నాడు. వారం నుంచీ జ్వరమని జువానిటా చర్చిలో అందరికీ చెప్పింది.

నేను టోపీ తీసి గోడ మీద పెట్టాను. బండ మీదికి దిగి, లేసు జారవిడిచి, వంద లెక్కపెట్టాను. వీపు తిప్పి, ఆ ఖాళీ గాజు గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ముప్పై ఎనిమిది. ఇంటికి పోరా గార్లండ్."

వాడు నావైపు చూశాడు. గొట్టం వైపు చూశాడు. దాన్ని తన చేత్తో వెలుతురులో తిప్పి చూసినవాడే. అప్పుడే మడుగులో ఒక చేప టప్‌మని పైకి లేచింది.

"అదేంటి మరి?"

"నిద్దట్లో నడుస్తోంది."

వాడు ఏదో అనబోయి దగ్గాడు. దారం చుట్టుకున్నాడు. "జువానిటా నిన్ను చంపుతుంది," అని గొణిగి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చాడు. నా చేతిలోంచి లేసు లాక్కుని, అపసోపాలు పడుతూ వంగి నీళ్లలో ముంచాడు. వాడికి వంద దాకా ఓపిక లేదు, పదిహేను లెక్కపెట్టాడు. వీపు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"నీకు నలభై ఐదురా," అన్నాడు. "దిగు."

వాడి ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆగి, బస్సు సీటు కింద నుంచి కర్ర తీశాను. మోకాళ్ల మీద పాక్కుంటూ లారెల్ కిందికి వెళ్లి, ఈగని వేళ్లతో వెనక్కి లాగి వదిలాను. రెండోసారికే ఆరంగుళాల చుక్కల చేప పడింది. పొట్ట కింద నారింజ రంగు, ఒంటి నిండా చుక్కలు. రెండు క్షణాలు చూసుకుని నీళ్లలో వదిలేశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. బాబాయ్‌లా వేలి లెక్క చెప్పమంటే, చేప పడినా సరే, ఆ నీళ్లు నికరంగా ముప్పై ఎనిమిదే.